అప్‌డేట్ల పేరుతో మన సిస్టమ్ మన చేతిలో లేకుండా పోతోంది: మీ అనుభవాలు, ఉపాయాలు చెప్పండి

బురుజు నెట్ సెంటర్ (కర్నూలు)

అందరికీ నమస్తే. కర్నూలులో నెట్ సెంటర్ నడుపుతాను. దరఖాస్తులు, హాల్‌టికెట్లు, అడంగల్ ప్రింట్లు, పాన్ కార్డు సవరణలు, రోజంతా ఇదే పని. మొన్న ఒక ప్రవేశ పరీక్ష దరఖాస్తుకు ఆఖరి రోజు. సాయంత్రం ఆరు దాటాక పత్తికొండ వైపు నుంచి ఒకమ్మాయి వాళ్ల నాన్నతో వచ్చింది. బస్సు దొరక్క ఆలస్యమైందంట. వివరాలన్నీ కొట్టాను. ఫొటో, సంతకం స్కాన్ చేసి, అడిగిన సైజుకు తగ్గించి ఎక్కించాను. ఫీజు పేజీ తెరుచుకుంది, ఆయన ఫోన్‌కు ఓటీపీ కూడా వచ్చింది. అది కొడుతుండగానే తెర మొత్తం మారిపోయి, విండోస్ ‘అప్‌డేట్ జరుగుతోంది, కంప్యూటర్ ఆపకండి’ అంటూ చుక్కలు తిరగడం మొదలైంది.

ఆ పెద్దాయన ఒకసారి తెరను చూస్తాడు, ఒకసారి నన్ను చూస్తాడు. ‘డబ్బులు పోయినాయా సార్?’ అని అడిగాడు. పక్క సిస్టమ్‌లో మళ్లీ మొదటినుంచి కొట్టి గడువులోపల పంపించాం. కానీ ఆ పిల్ల చేతులు వణకడం నేను చూశాను. ఆ రోజు నుంచి మనసులో మంట తగ్గలేదు.

పోనీ అప్‌డేట్ అయ్యాక ఏమైనా బాగుపడిందా? కింద టాస్క్‌బార్‌లో వార్తల డబ్బా వచ్చింది. మెనూలో నేనెప్పుడూ పెట్టని గేములు వచ్చాయి. ఏఐ బటన్ ఒకటి వచ్చింది. పీడీఎఫ్ తెరిచే ప్రోగ్రామ్ మారిపోయింది. డెస్క్‌టాప్ మీది ఫైళ్లను క్లౌడ్‌లో పెట్టుకోమని రోజూ అడుగుతోంది. ఇవి నేను అడిగానా? సెక్యూరిటీ కావాలి, ఒప్పుకుంటాను. ఈ చెత్త ఎందుకు? మీరంతా ఎలా నెట్టుకొస్తున్నారో చెప్పండి.

గడియార స్తంభం (అనంతపురం)

అన్నా, మాది అనంతపురం. బెంగళూరులో ఒక కంపెనీలో సిస్టమ్స్ చూసుకుంటాను. మీ దగ్గర జరిగినదానికి కారణం దాదాపు ఇదే అయ్యుంటుంది: ‘యాక్టివ్ అవర్స్’ అనే సెట్టింగ్. ఆ గంటల్లో సిస్టమ్ తనంతట తాను రీస్టార్ట్ కాదు. కానీ మామూలుగా అది ఉదయం 8 నుంచి సాయంత్రం 5 వరకే పెట్టి ఉంటుంది. అంటే ఆఫీసులో పనిచేసేవాళ్ల రోజు. మన నెట్ సెంటర్లకు అసలు గిరాకీ మొదలయ్యేదే సాయంత్రం ఐదు తర్వాత కదా. కాలేజీ వదిలాక పిల్లలు, పొలం పని అయ్యాక రైతులు. ఆ టైముకు అది ‘ఈయన ఇంటికెళ్లిపోయాడు’ అనుకుంటుంది. దాన్ని 18 గంటల వరకు పెంచుకోవచ్చు. ఉదయం 6 నుంచి రాత్రి 12 అని పెట్టేయండి.

రెండోది, అప్‌డేట్లను పాజ్ చేసే బటన్. ఒకసారి నొక్కితే వారం, గరిష్ఠంగా 35 రోజులు. దరఖాస్తుల సీజన్‌కు ముందు నొక్కి, సీజన్ అయ్యాక మీ చేత్తో మీరే అప్‌డేట్ పెట్టుకోండి. విండోస్‌కు నెలవారీ సెక్యూరిటీ అప్‌డేట్ ప్రతి నెలా రెండో మంగళవారం వస్తుంది, అమెరికా టైము ప్రకారం. మనకు అదే రాత్రి లేదా బుధవారం. ఆ తేదీ క్యాలెండర్‌లో రాసిపెట్టుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఉగ్గాని బజ్జీ (నంద్యాల)

ఇంత కష్టం ఎందుకన్నా? సర్వీసెస్‌లోకి పోయి అప్‌డేట్ సర్వీస్ డిసేబుల్ చేసేయ్. మా రూమ్‌లో అందరం అదే చేశాం. హాయిగా ఉంది.

గడియార స్తంభం (అనంతపురం)

@ఉగ్గాని బజ్జీ, తమ్ముడూ, ఈ మాట మాత్రం ఎవరూ వినొద్దని గట్టిగా చెప్తున్నా. 2017 మే 12న వాన్నక్రై అనే వైరస్ బయటికొచ్చింది. ఫైళ్లన్నీ తాళం వేసి, బిట్‌కాయిన్‌లో డబ్బు కడితే తీస్తామంది. ఇంగ్లండ్‌లో ఆస్పత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకున్నాయి. మన రాష్ట్రంలో కూడా చిత్తూరు, గుంటూరు, విశాఖపట్నం వంటి జిల్లాల్లో పోలీసు కంప్యూటర్లు కొన్ని దెబ్బతిన్నాయి. అది దూరిన రంధ్రానికి మైక్రోసాఫ్ట్ ప్యాచ్ (రంధ్రం పూడ్చే సవరణ) ఇచ్చింది ఎప్పుడో తెలుసా? అదే ఏడాది మార్చిలో. రెండు నెలల ముందే. వేసుకున్నవాళ్లు బతికిపోయారు, అప్‌డేట్ ఆపేసినవాళ్లు, పట్టించుకోనివాళ్లు బలైపోయారు.

నెట్ సెంటర్ సిస్టమ్‌లో రోజుకు ఎంతమంది పెన్‌డ్రైవ్‌లు గుచ్చుతారు? ఎంతమంది ఆధార్ కాపీలు, బ్యాంకు పాస్‌బుక్ స్కాన్లు డౌన్‌లోడ్స్‌లో పడి ఉంటాయి? అక్కడ అప్‌డేట్ ఆపడం అంటే మన నష్టం కాదు, మనల్ని నమ్మి వచ్చినవాళ్ల నష్టం.

శుభలేఖల డీటీపీ (ఆదోని)

తమ్ముడు చెప్పింది సబబే. కానీ ఇంకోవైపు కూడా చూడాలి. మాది డీటీపీ పని. శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీ డిజైన్లు. మా దగ్గర ఏళ్లనాటి ఫైళ్లు ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లలో, పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే ప్రోగ్రామ్‌లో ఉన్నాయి. అవి యూనికోడ్ (అన్ని సిస్టమ్‌లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కాదు. ఆ ఫాంటు, ఆ కీబోర్డు ప్రోగ్రామ్ లేకపోతే తెరిచినా పిచ్చి గీతలే కనిపిస్తాయి. అందుకే ఒక పాత సిస్టమ్‌ను నెట్ తీగ పీకేసి అలాగే ఉంచాం. దానికి అప్‌డేట్ లేదు, వైరస్ భయమూ తక్కువే. ఫైలు పీడీఎఫ్ చేసి కొత్త సిస్టమ్‌కు తెచ్చి ప్రింట్ ఇస్తాం.

కొత్త సిస్టమ్‌తోనే గొడవంతా. పోయిన పెళ్లిళ్ల సీజన్‌లో ముహూర్తం దగ్గర పడ్డ కార్డులు ఉన్నాయి. పొద్దున వచ్చి చూస్తే ప్రింటర్ ‘ఆఫ్‌లైన్’ అంటుంది. కేబుల్ మార్చాం, ప్రింటర్ ఆపి వేశాం, ఏం లాభం లేదు. రాత్రి అప్‌డేట్ అయ్యిందని తర్వాత తెలిసింది. పాత డ్రైవర్ (సిస్టమ్‌ను ప్రింటర్‌తో మాట్లాడించే ప్రోగ్రామ్) తీసేసి, దాని స్థానంలో ఏదో సాధారణ డ్రైవర్ పెట్టింది. అది మా ప్రింటర్‌కు కాగితం సైజు కూడా సరిగా చెప్పలేదు. కార్డు అంచులు తెగిపోయి వచ్చాయి. పెళ్లివాళ్లు ఎదురుగా కూర్చుని ఉంటే మనం వాళ్లకు డ్రైవర్ సంగతి ఏమని చెప్తాం?

ప్రింటర్ల మీద అప్‌డేట్లకు ఏం పగో నాకు అర్థం కాదు. 2021 మార్చిలో విండోస్ 10కు వచ్చిన అప్‌డేట్ వేసుకున్న చాలామందికి, కొన్ని రకాల ప్రింటర్లకు ప్రింట్ ఇవ్వగానే నీలి తెర వచ్చి సిస్టమ్ పడిపోయేది. మైక్రోసాఫ్టే ఒప్పుకుని కొన్నాళ్లకే వేరే సవరణ వదిలింది. ఆ ఏడాదే జులైలో ప్రింట్ స్పూలర్ అనే, ప్రింట్లను వరుసలో పెట్టే విండోస్ భాగంలో పెద్ద సెక్యూరిటీ లోపం బయటపడి, దానికి ప్యాచ్ వేస్తే నెట్‌వర్క్ ప్రింటర్ల దగ్గర మళ్లీ కొత్త చిక్కులు.

పెన్నా ఒడ్డు (కడప)

నేను హైస్కూలు టీచరును. ఈ చర్చలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోతున్నాయనిపించింది, కొంచెం విడదీస్తాను.

రంధ్రాలు పూడ్చడం ఒకటి. కొత్త ఫీచర్లు, యాప్‌లు, ప్రకటనలు తెచ్చి పెట్టడం ఇంకొకటి. ఒకప్పుడు విండోస్ 7లో ప్యాచ్‌లు విడివిడిగా వచ్చేవి. ఏది కావాలో చూసి టిక్ పెట్టుకునేవాళ్లం, గొడవ చేసేదాన్ని వదిలేసేవాళ్లం. 2016 అక్టోబర్ నుంచి 7కూ, 8.1కూ కూడా నెలకొక మూట పద్ధతి తెచ్చారు. విండోస్ 10 అయితే పుట్టినప్పటి నుంచే అంతే. మూట మొత్తం వేసుకో, లేదా మొత్తం వదులుకో. వాళ్ల వాదన వాళ్లకుంది. ఒక్కొక్కరి సిస్టమ్‌లో ఒక్కో రకం ప్యాచ్‌లుంటే పరీక్షించడం కుదరదంటారు, అది నిజమే. కానీ ఆ మూటలోనే ఏఐ బటన్లు, వార్తల డబ్బాలు కట్టి పంపిస్తే, జ్వరం మాత్ర కొనడానికి పోతే షాపువాడు సబ్బు, పౌడరు కూడా తీసుకుంటేనే ఇస్తానన్నట్టు ఉంటుంది. జనం విసిగిపోయి మొత్తం అప్‌డేట్లే ఆపేస్తారు. ఉగ్గాని బజ్జీ తమ్ముడు చేసింది అదే కదా. అతన్ని తప్పుపట్టేముందు అతనికి ఆ విసుగు ఎవరు తెప్పించారో అడగాలి.

సెక్యూరిటీ ప్యాచ్ వేరుగా, మిగతావి వేరుగా, రీస్టార్ట్ టైము యజమాని చేతిలో. నేను అడిగేది ఇంతే. ఇది గొంతెమ్మ కోరిక కాదు.

ఉగ్గాని బజ్జీ (నంద్యాల)

టీచర్ గారూ, మీరు నా మనసులో మాట చెప్పారు. సరే అన్నా, సర్వీస్ మళ్లీ ఆన్ చేస్తా. కానీ నా ల్యాప్‌టాప్ 4 జీబీ ర్యామ్. ఏమీ తెరవకుండానే సగానికి పైగా వాడేసి ఉంటుంది. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబ్‌లు, ఒక ఆన్‌లైన్ క్లాసు పెడితే ఫ్యాను గోల పెడుతుంది. కొన్నప్పుడు ఇలా లేదు.

పెన్నా ఒడ్డు (కడప)

ఈ బాధ కొత్తది కాదు నాయనా. పాస్కల్ భాషను తయారుచేసిన నిక్లాస్ విర్త్ 1995లోనే రాశాడు, హార్డ్‌వేర్ వేగం పెరిగేదానికంటే సాఫ్ట్‌వేర్ నెమ్మదించేదే ఎక్కువని. ఆ ఏడాదే వచ్చిన విండోస్ 95కి కనీసం 4 ఎంబీ ర్యామ్ ఉంటే చాలన్నారు. 2001లో విండోస్ ఎక్స్‌పీకి 64 ఎంబీ. 2009లో విండోస్ 7కి 1 జీబీ. 2021లో విండోస్ 11కి 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు. అంటే 26 ఏళ్లలో కనీస ర్యామ్ వెయ్యిరెట్లు పెరిగింది. మనం చేసే పని ఎన్ని రెట్లు పెరిగింది? ఉత్తరం టైపు చేయడం, మార్కుల జాబితా వేసుకోవడం అప్పుడూ అదే, ఇప్పుడూ అదే.

శుభలేఖల డీటీపీ (ఆదోని)

టీచర్ గారూ, ఒక్క మాట. పెరిగినదంతా చెత్త కాదండీ. ఎక్స్‌పీ రోజుల్లో తెలుగు యూనికోడ్ సరిగా కనబడాలంటే సీడీ పెట్టి అదనపు భాషల ఫైళ్లు ఎక్కించాల్సి వచ్చేది. లేకపోతే ఒత్తులు పక్కకు, గుడులు ఇంకోపక్కకు. సీడీ లేనివాళ్లకు డబ్బాలే కనిపించేవి. ఇప్పుడు ఏ సిస్టమ్ కొన్నా, ఏ ఫోన్ కొన్నా తెలుగు దానంతటదే వస్తోంది. మనం ఇక్కడ ఇలా రాసుకుంటున్నామంటే దానికోసం కొంత బరువు పెరగడం న్యాయమే. నేను ఆ బరువును ఇష్టంగా మోస్తాను. గేముల ప్రకటనల బరువు ఎందుకు మోయాలనేదే నా గోడు.

గడియార స్తంభం (అనంతపురం)

తెలుగు మాట వచ్చింది కాబట్టి ఇది చెప్పాలి. 2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ అక్షరం ఐఫోన్లను పడగొట్టింది, గుర్తుందా? ఆ అక్షరం ఒక ప్రత్యేక రూపంలో మెసేజ్‌లో వస్తే చాలు, ఆ యాప్ మూతపడేది, మళ్లీ తెరుచుకునేది కాదు. కొంతమంది కావాలనే పంపి ఆడుకున్నారు. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 వదిలి సరిచేసింది. కోట్లమంది రాసే అక్షరాన్ని సరిగా పరీక్షించకుండా వదిలారన్నది ఒక సంగతి. దాన్ని బాగుచేసిందీ అప్‌డేటే అన్నది ఇంకో సంగతి. రెండూ గుర్తుపెట్టుకోవాలి.

మల్లెల సిరి (అనంతపురం)

ఫోన్ల సంగతి ఎవరూ సరిగా ఎత్తలేదు. మా అమ్మది తక్కువ ధర ఫోన్. రోజుకు ఒకటిన్నర జీబీ డేటా ప్యాక్. అప్‌డేట్ సైజు రెండు జీబీల పైన చూపిస్తోంది. రెండు రోజుల డేటా దానికే పోతే ఆమె మనవడితో వీడియో కాల్ ఎలా మాట్లాడుతుంది? ఎలాగో ఇంట్లో వైఫై ఉన్నప్పుడు వేశాను. వేశాక కొత్తగా షాపింగ్ యాప్, గేమ్స్ ఫోల్డర్, లాక్ స్క్రీన్ మీద ప్రకటనల బొమ్మలు. అమ్మ ఆ బొమ్మ మీద వేలు పెట్టినప్పుడల్లా ఏదో పేజీ తెరుచుకుంటోంది. ‘ఫోన్ పాడైపోయిందే’ అని భయపడుతోంది పాపం. పెద్దవాళ్లకు ఇలా చేయడం నాకు అసలు నచ్చలేదు.

ముందే ఎక్కించిన యాప్‌ల మీద మన దేశంలో కేసు కూడా నడిచింది. 2022 అక్టోబర్‌లో కాంపిటీషన్ కమిషన్ (వ్యాపార పోటీ న్యాయంగా ఉందో చూసే కేంద్ర సంస్థ) ఆండ్రాయిడ్ విషయంలో గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఫోన్ కంపెనీలు తన యాప్‌లన్నీ కలిపి ఎక్కించి తీరాలన్న షరతు అందులో ఒక ముఖ్యమైన అంశం. 2023 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ జరిమానాను ఖాయం చేసింది, కమిషన్ ఇచ్చిన ఆదేశాల్లో మాత్రం కొన్నింటిని తీసేసింది. అదొక్కటే కాదు, 2018లో ఇటలీలో అప్‌డేట్ల వల్ల పాత ఫోన్లు నెమ్మదించాయని ఆపిల్‌కు కోటి యూరోలు, శాంసంగ్‌కు 50 లక్షల యూరోలు జరిమానా పడింది. అంటే ఇది మన భ్రమ కాదు.

బురుజు నెట్ సెంటర్ (కర్నూలు)

@మల్లెల సిరి, అక్కా, మా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లలో చాలామందిది ఇదే ఫిర్యాదు. సెట్టింగ్స్‌లో లాక్ స్క్రీన్ దగ్గర వాల్‌పేపర్లు మార్చే సర్వీసు ఏదైనా ఉంటే ఆపేయండి. ప్రకటనలు సగానికి పైగా అక్కడినుంచే వస్తాయి. తీసేయడం కుదరని యాప్‌లను ‘డిసేబుల్’ చేస్తే కనీసం నోటిఫికేషన్లు ఆగుతాయి.

ఏడు రోడ్ల సర్వీస్ సెంటర్ (కడప)

కాస్త ఆలస్యంగా చూశాను. కడపలో ల్యాప్‌టాప్ రిపేర్ షాపు మాది. నా అనుభవంలో ‘అప్‌డేట్ తర్వాత స్లో అయింది’ అని వచ్చే మిషన్లలో ఎక్కువ వాటికి జబ్బు ఒకటే, పాత తిరిగే హార్డ్ డిస్కు. అప్‌డేట్ అయ్యాక సిస్టమ్ లోపల ఫైళ్ల సూచిక తయారుచేసుకుంటుంది, యాంటీవైరస్ మొత్తం వెతుకుతుంది, ఇంకో పది పనులు పెట్టుకుంటుంది. టాస్క్ మేనేజర్ తెరిస్తే డిస్కు 100 శాతం. ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు) వేసి, ర్యామ్ 8 జీబీ చేస్తే అదే మిషన్ మళ్లీ పరుగెత్తుతుంది. ఉగ్గాని బజ్జీ, నీ ల్యాప్‌టాప్‌లో ఏ డిస్కు ఉందో ముందు చూడు. ర్యామ్ స్లాట్ ఖాళీ ఉందో కూడా చూడు, కొన్నింట్లో బోర్డుకే అతికించి ఉంటుంది.

నాకు కడుపు మండే విషయం వేరే ఉంది. విండోస్ 10 మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్ అయితే దాదాపు 8వ తరం ప్రాసెసర్ నుంచి, పైగా టీపీఎం 2.0 చిప్పు ఉండాలి. 6వ తరం, 7వ తరం ఐ5 మిషన్లు నా బెంచీ మీద కూర్చున్నాయి. మదర్‌బోర్డు బాగుంది, తెర బాగుంది, కీబోర్డులో ఒక్క మీట కూడా పోలేదు. పిల్లాడి చదువుకు అప్పుచేసి కొన్న తండ్రికి ‘ఇది పనికిరాదు, కొత్తది కొను’ అని నేనెలా చెప్పాలి? టీపీఎం ఎందుకు మంచిదో నాకు తెలుసు, ఫైళ్లకు వేసే డిజిటల్ తాళాల చెవులను భద్రంగా దాస్తుంది. కానీ బాగా పనిచేసే మిషన్‌ను చెత్తబుట్టలో వేయించే నిబంధన మాత్రం నా మనసుకు ఎక్కడంలేదు.

ప్రస్తుతానికి నేను చెప్పే దారి: 10 వాడేవాళ్లు పొడిగింపు సెక్యూరిటీ అప్‌డేట్లలో చేరండి. 2026 అక్టోబర్ 13 వరకు వస్తాయి. సెట్టింగ్స్‌ను మైక్రోసాఫ్ట్ ఖాతాతో సింక్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. అంతకుమించి వాడాలంటే లినక్స్, విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్.

మల్లెల సిరి (అనంతపురం)

లినక్స్ మన పిల్లలకు కష్టం కాదా?

ఏడు రోడ్ల సర్వీస్ సెంటర్ (కడప)

కాదమ్మా. లినక్స్‌లో మింట్ అనే రకం వేసి ఇస్తున్నాను. మెనూ, టాస్క్‌బార్ అన్నీ పాత విండోస్ లాగే ఉంటాయి. 22 సిరీస్‌కు 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. రీస్టార్ట్ ఎప్పుడన్నది మన ఇష్టం. అప్‌డేట్‌కు ముందు స్నాప్‌షాట్ తీసిపెట్టుకునే టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రామ్ దాంట్లోనే ఉంటుంది, తేడా వస్తే వెనక్కి పోవచ్చు. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో ఏళ్లుగా లినక్సే నేర్పిస్తున్నారు. మన తెలుగువాళ్లలో ‘స్వేచ్ఛ’ సంస్థవాళ్లు తెలుగు మెనూలతోనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేశారు. చదువుకునే పిల్లలకు బ్రౌజర్, ఆఫీసు ప్రోగ్రామ్, ప్రోగ్రామింగ్ కావాలి. మూడూ ఉన్నాయి.

బురుజు నెట్ సెంటర్ (కర్నూలు)

అన్నా, పిల్లలకు సరే, నా దగ్గర కుదరదు. వేలిముద్ర మిషన్, డిజిటల్ సంతకం టోకెన్ పెట్టే సిస్టమ్‌లు ఉన్నాయి. మేం వాడే వాటి డ్రైవర్లు, సర్వీసు ప్రోగ్రామ్‌లు విండోస్‌కే ఇచ్చారు. అవి లేకపోతే నా షాపు మూసుకోవాల్సిందే. కేవలం దరఖాస్తులు, ప్రింట్లు చూసే రెండింటికి మాత్రం లినక్స్ వేసి చూస్తాను.

గడియార స్తంభం (అనంతపురం)

అది మంచి ఆలోచన అన్నా. అన్ని సిస్టమ్‌లూ ఒకే రకం, ఒకే రోజు అప్‌డేట్ అయితే ప్రమాదం. 2024 జులై 19 గుర్తు తెచ్చుకోండి. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ వదిలిన ఒక్క తప్పు ఫైలుతో ప్రపంచంలో 85 లక్షల విండోస్ మిషన్లు నీలి తెరకొచ్చాయి. హైదరాబాదు విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ ఫైలును గంటన్నరలోపే వెనక్కి తీసుకున్నా, అప్పటికే పడిపోయిన మిషన్లలో చాలావాటి దగ్గరికి మనిషి పోయి, సేఫ్ మోడ్‌లోకి వెళ్లి చేత్తో తీయాల్సివచ్చింది. అంతకుముందు 2018 అక్టోబర్‌లో విండోస్ 10 అప్‌డేట్ ఒకటి కొంతమంది డాక్యుమెంట్స్‌లోని ఫైళ్లనే చెరిపేసింది. మైక్రోసాఫ్ట్ కొద్ది రోజుల్లోనే దాన్ని ఆపి, నవంబర్‌లో సరిచేసి మళ్లీ వదిలింది. ముందే పరీక్షకులు కొందరు ఆ లోపాన్ని రాసి పంపారు, ఆ గొంతు పైకి చేరలేదు.

అందుకని మీ సెంటర్‌లో ఇలా చేయండి. ఒక సిస్టమ్‌కు ముందు అప్‌డేట్ వేయండి. వారం పాటు ప్రింటర్, స్కానర్, వేలిముద్ర అన్నీ సరిగా నడిస్తే మిగతావాటికి వేయండి. డెలివరీ ఆప్టిమైజేషన్ అనే చోట ‘లోకల్ నెట్‌వర్క్’ మాత్రమే పెట్టండి. ఒకటి దించుకున్నదాన్ని మిగతావి దాని దగ్గరినుంచే తీసుకుంటాయి, డేటా మిగులుతుంది. బయటివాళ్లకు మన నెట్ ఇవ్వక్కర్లేదు. అప్‌డేట్ వేసేటప్పుడు యూపీఎస్ తప్పనిసరి. మధ్యలో కరెంటు పోతే అదే అసలు కష్టం. ప్రింటర్ డ్రైవర్ ఫైలు విడిగా దాచిపెట్టుకోండి. అన్నింటికంటే ముందు ఫైళ్ల కాపీ ఇంకో డిస్కులో.

బురుజు నెట్ సెంటర్ (కర్నూలు)

అన్నీ రాసుకున్నాను తమ్ముడూ. యాక్టివ్ అవర్స్ మార్చేశాను, స్టార్టప్‌లో అక్కర్లేని ప్రోగ్రామ్‌లన్నీ ఆపేశాను. ఆ మాత్రానికే సిస్టమ్ తెరుచుకోవడం బాగా తేలికైంది. కౌంటర్ దగ్గరి పాత సిస్టమ్‌ను ముందు అప్‌డేట్ వేసి చూసేదానిగా పెట్టాను. ఇక ప్రింటర్ డ్రైవర్ ఒక్కటే మిగిలింది. నాదీ, ఆదోని అన్నదీ ఒకే కంపెనీ పాత మోడల్ అనుకుంటాను. కంపెనీ సైటులో పాతది తీసేశారు.

శుభలేఖల డీటీపీ (ఆదోని)

నా దగ్గర అసలు సీడీ ఉంది, దాన్నుంచి కాపీ చేసి పెట్టుకున్నా. మోడల్ నంబరు ప్రింటర్ వెనక స్టిక్కర్ మీద ఉంటుంది, ఫొటో తీసి మెసేజ్ పెట్టు. అదే అయితే పంపిస్తా. వేశాక పరికరాల ఇన్‌స్టలేషన్ సెట్టింగ్స్‌లో డ్రైవర్లు తనంతట తాను దించుకోవడం ఆపేయడం మాత్రం మరిచిపోవద్దు. లేకపోతే వచ్చే బుధవారానికి మళ్లీ మొదటికే వస్తుంది.